పేరు మారలేదు, అంకె మారింది

మన హోసూరును తమిళంలో ఓసూర్ అంటారు. ఏ పేరు చెప్పి టికెట్టు అడిగినా కండక్టరు అక్కడే దించుతాడు. కంప్యూటరుకు అంత లోకజ్ఞానం లేదు. దానికి కావలసింది అంకెల చిరునామా.

బేరిగైలో మా పిల్లల తెలుగు పాఠాలన్నీ ఒక కంప్యూటరులో ఉంచి, దానికి 'బడి' అని పేరు పెట్టాను. పరీక్షల ముందు ఒకరోజు ఆ పేరు కొడితే పాఠం తెరుచుకోలేదు. యంత్రం పోయిందని పిల్లలు దిగులుపడ్డారు.

మీకూ ఇలా జరిగితే, ముందు ఆ కంప్యూటరుకు ఇప్పుడున్న అంకె కనుక్కుని, పేరుకు బదులు అదే కొట్టండి. పాఠం తెరుచుకుంటే యంత్రం బాగున్నట్టే, తప్పు పేరు దగ్గరుంది. అప్పుడు హోస్ట్స్ ఫైలు చూడండి. విండోస్‌లో అది సిస్టమ్32లోని డ్రైవర్స్‌లో, ఈటీసీ అనే ఫోల్డరులో ఉంటుంది. వరుసకొక అంకె, దాని పక్కన పేరు. 1983లో డీఎన్ఎస్ రాకముందు తొలినాటి నెట్‌వర్కు ఇలాంటి ఒక్క జాబితా మీదే నడిచింది.

మా రౌటరు ఆ కంప్యూటరుకు కొత్త అంకె ఇచ్చింది. జాబితాలో పాతదే ఉంది. నోట్‌ప్యాడును అడ్మినిస్ట్రేటరుగా తెరిచి దిద్దాను. ఇకపై అంకె మారకుండా రౌటరులోనే కట్టుదిట్టం చేశాను. అది మొదటిరోజే చేయవలసిన పని.

యంత్రాన్ని తిట్టేముందు చిరునామా సరిచూడండి. సెలవు.