చాంపియన్ రీఫ్స్‌కు ఒక ఉమ్మడి కొయ్యపని శాల



గని కార్మికుల మైనింగ్ లైన్ ఇళ్లలో పెరిగినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మంచం వాలిస్తే మనిషి తిరగడానికి చోటుండని ఇళ్లవి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ కోయాలంటే రంపానికి ముందు అంత చోటు, వెనక అంత చోటు కావాలి. పనితనం ఉండీ చోటు లేక ఉలి, చిత్రిక అటక మీద పెట్టేసినవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. వాళ్లందరికీ కలిపి ఒక కొయ్యపని శాల పెడదామని అడగడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

2001 ఫిబ్రవరి 28న మన కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న చాంపియన్ రీఫ్ గని నీళ్లపాలైంది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి గనుల్లోకి వచ్చినవాళ్ల మనవలు ఇప్పుడు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోతున్నారు, చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నారు. పగటిపూట ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, ఆడవాళ్లు, చదువు మధ్యలో ఆపిన పిల్లలు. శాల వాళ్లది కావాలి. ఆస్ట్రేలియాలోని టోంగాలాలో 1998లో ‘మెన్స్ షెడ్’ పేరుతో ఇలాంటిదే మొదలైంది. ఉద్యోగం అయిపోయిన మగవాళ్లు పక్కపక్కన నిలబడి పనిచేసుకుంటూ మనసు విప్పి మాట్లాడుకునే చోటది. ఇప్పుడు ఆ దేశంలో అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఆ పద్ధతి నాకు నచ్చింది. మన తలుపు మాత్రం ఆడవాళ్లకూ తెరిచే ఉండాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. మొదట కొనాల్సింది రంపం కాదు, దుమ్ము లాగే యంత్రం. రాతి దుమ్ము మన పెద్దల ఊపిరితిత్తులను ఏం చేసిందో వేరే ఊరివాళ్లకు వివరించాలేమో గానీ మనకు అక్కర్లేదు. సిలికోసిస్ అన్న మాట మన వీధుల్లో చిన్నపిల్లలకూ తెలుసు. కొయ్యపొట్టు మెత్తగా, మంచి వాసనతో ఉంటుంది కాబట్టి దానికెవరూ భయపడరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య దుమ్మును 1995లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. అది పట్టేది ముక్కును, సైనస్‌లను. కాళ్ల కింద పడే పొట్టు కన్నా గాలిలో తేలే సన్నటి పొడితోనే ప్రమాదం. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది. ఉప్పుకాగితం పట్టేచోటే, రంపం పళ్ల దగ్గరే దాన్ని పీల్చేయాలి. డబ్బు చాలకపోతే కరెంటు రంపం ఏడాది ఆగనీయండి, చేతి రంపంతో నేర్చుకుంటారు. ఇంకో తరం ఊపిరి దుమ్ముకు ఒప్పజెప్పడానికి నేను ఒప్పుకోను.

కొయ్యకు కొరత లేదు. కోలారు జిల్లా నిండా నీలగిరి తోపులే, కానీ అది ఆరేటప్పుడు మెలితిరిగి చీలుతుంది. కొత్తవాళ్ల చేతికి ఇవ్వాల్సిన కొయ్య కాదు. శ్రీనివాసపురం వైపు కాపు తగ్గిన మామిడి చెట్లు కొట్టేస్తుంటారు. మామిడికి త్వరగా పురుగు పడుతుంది కాబట్టి నరికిన వెంటనే కోయించి, పలకల మధ్య పుల్లలు పెట్టి నీడన పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరబెట్టాలని వడ్రంగులు లెక్క చెబుతారు. అంటే కొయ్య కొనడం ఈ ఏడే మొదలవ్వాలి.

గని స్థలాల కోసం ఎదురుచూడొద్దు, అవి కేంద్ర ప్రభుత్వ సంస్థవి. స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుందాం. కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద నమోదు చేద్దాం. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో ఇంకా భారత పౌరులుగా ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా సంఘం తీసుకోకూడదు. ప్రేమతో ఇచ్చిన డబ్బే సంఘాన్ని చిక్కుల్లో పెట్టకుండా ముందే చూసుకుందాం.

యంత్రాలు ఇస్తామని నాకు చాలామంది చెప్పారు. వాళ్లకు నా దణ్ణం. అయితే పక్కన నిలబడి కుసి ఎలా తీయాలో, బెజ్జం ఎలా తొలవాలో, వేలు ఎక్కడ పెట్టకూడదో చూపించే మేస్త్రి లేకపోతే ఆ షెడ్డుకు తాళమే మిగులుతుంది. ఆయనకు నెలనెలా జీతం ఇవ్వాలి. ఫలకం మీద పేరు రాని ఖర్చు ఇది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పుస్తకం పెడుతున్నాం. మూడేళ్లపాటు మేస్త్రి జీతంలో ఎవరు ఏ నెల భరిస్తారో అందులో రాయండి. మొదటి నెల నేను రాశాను.