అట్టడుగు అరలోని పుస్తకం

వేసవి సెలవులు. తొమ్మిదో తరగతి అమ్మాయి తాతగారి బీరువాలోంచి ఓ సన్నటి పుస్తకం తీసింది. చలం ‘మైదానం’. చూసిన అమ్మ గుండె గుభేలుమంది. లాక్కోవాలా, చదవనివ్వాలా?

సినిమాకైతే సర్టిఫికెట్ ఉంటుంది. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌లోనే ఏడు, పదమూడు, పదహారేళ్లంటూ మెట్లు కూడా పెట్టారు. పుస్తకానికి ఆ ముద్ర ఉండదు. ఏ వయసుకు ఏది తగునో తేల్చే పని ఇంట్లో మనమే చేసుకోవాలి.

పేజీలు, పదాల తేలిక చూసి మోసపోకండి. 1927 నాటి ‘మైదానం’ చిన్న నవలే, భాషా తేలికే. కానీ భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరి కథ అది. అందులో కోరిక ఉంది, హింసా ఉంది. అమీర్ చేసేదంతా ప్రేమేనా అని నిలదీసి చదివే వయసు రావాలి. పదమూడేళ్లకు కొంచెం ఆగమనొచ్చు. పదిహేడేళ్లకు పక్కన కూర్చుని చదివించొచ్చు.

ముందు మీరు చదవండి. క్రూరత్వాన్ని రచయిత అర్థం చేయిస్తున్నాడా, ఊరికే రుచి చూపిస్తున్నాడా? ఈ బిడ్డ ఇప్పుడు ఏ దిగులులో ఉంది? చదివాక మనతో మాట్లాడుతుందా? ఒకే ఈడు పిల్లలైనా అందరికీ ఒకే కొలత పనికిరాదు.

లాక్కున్న పుస్తకాన్ని దుప్పటి కింద ఫోన్‌లో చదువుతారు. అప్పుడు అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. అందుకే “వద్దు” అనేకంటే “ఇది ఇంకో రెండేళ్లాగి ఇద్దరం కలిసి చదువుదాం” అనండి. అన్నమాట మాత్రం మరవకండి.