అరిగే భాగాలు, నిలిచే యంత్రం

సూర్యాపేట నుంచి జనగామకు పోయే దారిలో తిరుమలగిరి ఉన్నది. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోను, ఆ పిమ్మట సూర్యాపేట జిల్లాలోను చేరిన ఈ ఊరు 2018లో పురపాలక పట్టణమైనది. ఇటువంటి మెట్టప్రాంతపు ఊళ్లలో వడ్రంగికి ఒకప్పుడు పని చెప్పినవాడు రైతు. నాగలి, గుంటక, బండిచక్రం, మోటకు కావలసిన కర్రసామాను అన్నీ వడ్రంగి చేతిమీదుగా పొలానికి వెళ్లేవి. ట్రాక్టరు వచ్చినది, మోట పోయినది, ఆ పని తరిగిపోయినది. ఇప్పుడు వడ్రంగి ముందు ఉన్నవి ద్వారబంధాలు, కుర్చీలు, ఊయలబల్లలు, మంచపుకోళ్లు, పూజామందిరాలు. వీటిలో వంపులు ఎక్కువ. కొనవచ్చినవారు మొట్టమొదట చేతితో తడిమి చూసేది ఆ వంపులనే.

వంపు లోపలివైపును నునుపు చేయడం సులభమైన పని కాదు. అక్కడ చిత్రిక ఆడదు. ఉలి వాడితే గాట్లు మిగులుతవి. గరుకు కాగితాన్ని గుండ్రని కర్రకు చుట్టి గంటల తరబడి రుద్దవలసి ఉంటుంది. గరుకు కాగితం లేని కాలంలో మనవారు బర్రెంక చెట్టు ఆకుతో కర్రను రుద్ది నునుపు తీసేవారు. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు మెరుగుపెట్టడానికి మొగలి ఆకును వాడే అలవాటు ఉన్నది. ఆకైనా, కాగితమైనా శ్రమ చేతిదే. ఆ శ్రమను తనమీద వేసుకొనే యంత్రాన్ని స్పిండిల్ సాండరు అంటారు.

దాని నిర్మాణం చాలా సామాన్యమైనది. సమతలమైన ఒక ఇనుపబల్ల. బల్ల నడుమ రంధ్రంలోనుంచి నిటారుగా పైకి వచ్చిన ఇరుసు. ఇరుసుకు రబ్బరు డోలు. ఆ డోలుకు తొడిగిన గరుకు కాగితపు గొట్టం. రాట్నంలో కదురు అడ్డంగా తిరుగుతుంది, ఇందులో నిలువుగా తిరుగుతుంది. చాలా యంత్రాలలో ఈ కదురు తిరుగుతూనే మెల్లగా పైకి కిందికి ఊగుతుంది కూడా. అందువల్ల కాగితం ఒకేచోట అరగదు, కర్రమీద అడ్డగీతలు పడవు.

కొత్త యంత్రాన్ని కొనడం చిన్న కార్ఖానాకు భారం. అందుచేత ఎవరో వాడి విడిచినదానిని కొంటారు. ఆ సొమ్ము తరచుగా ఇంటి పొదుపు నుంచి వచ్చినదే. కొన్న ఆరు నెలలకే యంత్రం మూలపడితే ఆ నష్టం వడ్రంగి ఒక్కడిది కాదు, ఇంటిల్లిపాదిది. కనుక పాత యంత్రాన్ని ఎట్లా ఎంచుకొనవలెను, ఎట్లా పోషించవలెను, దానిలో ఏ భాగాన్ని ఎప్పుడు మార్చవలెను అన్న సంగతి ఇంటివారందరూ వినదగినదే.

ఇందులోని మూలసూత్రం మనకు కొత్తది కాదు. ఎడ్లబండిని ఎరిగినవారందరికీ తెలుసును. ఇరుసు చివర శీల చిన్నది, చవకైనది. అది అరిగినప్పుడు మార్చనివాడు చక్రాన్నే పోగొట్టుకుంటాడు. కందెన వేయనివాడు ఇరుసును తినివేస్తాడు. చవక భాగం తాను అరిగిపోయి ఖరీదైన భాగాన్ని కాపాడవలెను. స్పిండిల్ సాండరులో కూడా అంతే. కాగితం అరిగి రబ్బరును, రబ్బరు అరిగి ఇరుసును, బేరింగు అరిగి యంత్రం మొత్తాన్ని కాపాడుతూ ఉంటవి. అరగవలసినదానిని సకాలంలో మార్చడమే యంత్రపోషణ.

ముందుగా కొనుగోలు సంగతి. విద్యుత్తు తీగను ఊడదీసి, ఇరుసును చేతితో మెల్లగా తిప్పి చూడవలెను. గరగరమని తగులుతూ తిరిగితే బేరింగు చెడినదని అర్థం. ఇరుసు పైకొసను పట్టుకొని పక్కకు ఊపినప్పుడు కదలిక కనిపించినా దోషం అక్కడే. ఆ తరువాత ఒక పెన్సిలును బల్లమీద ఆనించి, దాని మొనను ఇరుసుకు వెంట్రుకవాసి దూరంలో నిలిపి, ఇరుసును ఒక చుట్టు తిప్పవలెను. ఊపినప్పుడు కదలిక లేకుండా, తిప్పినప్పుడు మాత్రం ఒక పక్క మొనకు తగిలి మరొక పక్క ఎడమైతే ఇరుసు వంగినదన్నమాట. బేరింగు చెడిన యంత్రాన్ని బేరమాడి కొనవచ్చును. ఇరుసు వంగిన యంత్రాన్ని మాత్రం, కొత్త ఇరుసు దొరుకుతుందని రూఢి చేసుకొననిదే కొనరాదు.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. యంత్రంలో రెండు జాతుల భాగాలు ఉంటవి. బేరింగులు, బెల్టులు, కెపాసిటరు, స్విచ్చి మొదలైనవి లోకమంతటా ఒకే కొలతలలో తయారవుతవి. ఏ దేశపు యంత్రమైనా సికింద్రాబాదు రాణీగంజ్ వంటి చోట్ల వాటికి సరిపోయేవి దొరుకుతవి. రబ్బరు డోలు, కదురును ఊగించే పళ్లచక్రం, బల్ల రంధ్రంలో అమర్చే చుట్టలు ఆ యంత్రానికే ప్రత్యేకమైనవి. వాటిని చేసిన కంపెనీ మూతపడి ఉంటే అవి దొరకవు. కనుక మొదటి జాతి భాగాలు చెడి ఉన్నా భయపడనవసరం లేదు. రెండవ జాతి భాగాలు ఉన్నవా, బాగున్నవా అన్నదే ముఖ్యంగా చూడవలెను. బల్ల చుట్టను వడ్రంగి స్వయంగా ప్లైవుడ్డుతో కోసుకొనగలడు. కాని పళ్లచక్రాన్ని లేతు పనివారి చేత కొత్తగా చేయించడం ఖర్చుతో కూడిన పని.

మరొక జాగ్రత్త విద్యుత్తును గురించి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జుల సరఫరా. అమెరికా వంటి దేశాలలో వాడి ఇక్కడికి చేరిన యంత్రం 110 వోల్టుల, 60 హెర్ట్జులది కావచ్చును. దానిని తిన్నగా మన విద్యుత్తుకు కలిపితే మోటారు కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టులు తగ్గించినా దాని వేగం ఆరవ వంతు తగ్గి, వేడి పెరుగుతుంది. కొన్ని యంత్రాలకు మూడు ఫేజుల విద్యుత్తు కావలెను. ఇంటి సరఫరా చాలదు. మోటారుకు బిగించిన చిన్న రేకుమీద ఈ వివరాలన్నీ చెక్కి ఉంటవి. బేరానికి ముందు ఆ రేకును చదవవలెను.

యంత్రం ఇంటికి వచ్చిన తరువాత మొదట పలకరించవలసినది గరుకు కాగితపు గొట్టాన్ని. సంఖ్య పెరిగినకొద్దీ కాగితం మెత్తనిది. 80తో మొదలుపెట్టి, 120 మీదుగా 180కి పోవడం సాధారణ పద్ధతి. మొద్దుబారిన కాగితాన్ని బలంగా నొక్కి పని చేయిస్తే కర్రమీద నల్లని కాలినమచ్చలు పడతవి. మచ్చ కనిపించినప్పుడు చేతిబలం పెంచరాదు, కాగితాన్ని మార్చవలెను. గొట్టం కింది సగమే అరిగి ఉంటే దానిని తలకిందులు చేసి తొడిగితే రెండవ సగం పనికి వస్తుంది. కాగితంపై తిరిగే దిశను తెలిపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఆ దిశను తప్పరాదు. వేప, టేకు వంటి కర్రల జిడ్డు కాగితపు గరుకులో ఇరుక్కుంటే, ముడిరబ్బరు ముక్కను తిరిగే గొట్టానికి ఆనిస్తే ఆ మడ్డి దానికి అంటుకొని వస్తుంది. క్రేపు రబ్బరుతో చేసిన పాత చెప్పు అడుగు కూడా ఈ పనికి చాలును.

గొట్టాన్ని పట్టి ఉంచేది రబ్బరు డోలు. అనేక యంత్రాలలో పైనున్న మరను బిగించినప్పుడు రబ్బరు ఒత్తుకొని, ఉబ్బి, గొట్టాన్ని లోపలినుంచి పట్టుకుంటుంది. పని ముగిసిన తరువాత ఆ మరను కొంచెం వదులు చేయడం మంచి అలవాటు. ఎప్పుడూ ఒత్తిడిలో ఉన్న రబ్బరు తన సాగుడును పోగొట్టుకుంటుంది. బీటలు వారి, గాజువలె గట్టిపడిన రబ్బరు గొట్టాన్ని పట్టలేదు. గొట్టం జారుతున్నదని మరను ఇంకా ఇంకా బిగించేవారు చివరకు మరచుట్లనే చెడగొట్టుకుంటారు. అక్కడ మార్చవలసినది రబ్బరు. కొన్ని యంత్రాలలో ఈ మర ఎడమచుట్టుది. విప్పబోయే ముందు చుట్లు ఏ వైపునకు ఏటవాలుగా ఉన్నవో చూడవలెను.

ఇక బేరింగు. అది ఈ యంత్రానికి కీలు. దాని అంచుమీద అచ్చు వేసిన సంఖ్య దాని చిరునామా. ఉదాహరణకు 6204 అని ఉన్నదనుకొందాము. చివరి రెండు అంకెలను అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రపు కొలత వస్తుంది. అనగా 20 మిల్లీమీటర్లు. 6205 అయితే 25. ఈ లెక్క 04 నుంచి పైకి వర్తిస్తుంది. 03 అంటే మాత్రం 17. ఈ సంఖ్య తెలిసినవాడు అంగడిలో మోసపోడు. ఈ సంఖ్య పక్కన జెడ్ జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకుమూతలు, 2 ఆర్ ఎస్ అని ఉంటే రబ్బరుమూతలు. కర్రపొడి ఎగిరేచోట రబ్బరుమూతలది శ్రేయస్కరం. పొడి లోపల చొరబడితే కందెన ముద్దగా మారి, గుండ్లను కాపాడవలసినదే వాటిని అరగదీస్తుంది.

బేరింగును మార్చేటప్పుడు సుత్తితో దానిమీద తిన్నగా కొట్టరాదు. ఇరుసుమీదికి ఎక్కించేటప్పుడు బలం లోపలి వలయం మీదనే పడవలెను. గూటిలోనికి దింపేటప్పుడు వెలుపలి వలయం మీదనే పడవలెను. తగిన కొలత గల గొట్టం ముక్కను ఆ వలయానికి ఆనించి, గొట్టంమీద మెల్లగా తట్టవలెను. ఈ నియమం తప్పితే బలమంతా గుండ్ల మీదుగా పోయి, వాటి దారిలో గుంటలు పడతవి. కొత్త బేరింగు మొదటి రోజే మూలుగుతుంది.

బెల్టును గురించి ఒక మాట. వి ఆకారపు బెల్టు తన పక్కలతో పుల్లీని పట్టుకుంటుంది, అడుగుతో కాదు. బెల్టు అడుగు గాడి అట్టడుగును తాకుతూ మెరుస్తున్నదంటే బెల్టో, గాడియో అరిగినదని గుర్తు. బెల్టు మీద ఏ-30 వంటి గుర్తు ఉంటుంది. ఏ దాని వెడల్పును, 30 దాని లోపలి పొడవును అంగుళాలలో తెలుపుతవి. రెండు బెల్టులు జంటగా తిరిగేచోట ఒకటి తెగినా రెండూ మార్చవలెను. లేనిచో భారమంతా కొత్తదానిమీదనే పడుతుంది.

మోటారు రొదచేస్తూ తిరగక నిలిచిపోతే తరచుగా దోషం కెపాసిటరుది. చేతితో తిప్పి లేపడం ప్రమాదం. వెంటనే విద్యుత్తు ఆపవలెను. కెపాసిటరును అదే మైక్రోఫారడు సంఖ్యది, వోల్టులు తగ్గనిది చూసి మార్చవలెను. తీగ ఊడదీసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉండగలదు కనుక ఆ పని ఎలక్ట్రీషియను చేత చేయించడమే ఉచితం. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగడం మొదలుపెట్టని స్విచ్చిని తప్పక అమర్చుకొనవలెను. కరెంటు లేదుగదా అని కాగితం మారుస్తున్న చేయి ఆ క్షణంలో డోలుమీద ఉండవచ్చును. స్విచ్చి ఎటువంటిదైనా, ఏ భాగాన్ని మార్చబోయినా తీగను ఊడదీసి పెట్టుకొనడం మొదటి నియమం.

ఇంటివారు ప్రత్యేకంగా వినవలసినది కర్రపొడి సంగతి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కర్రపొడిని మనుష్యులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. ముక్కులోను, దాని పక్క గూళ్లలోను వచ్చే క్యాన్సరుకు ఈ పొడితో సంబంధం ఉన్నది. యంత్రం చేతికన్న వేగంగా పని చేస్తుంది కనుక పొడిని కూడా అంత ఎక్కువగా లేపుతుంది. కంటికి కనిపించే పొడి నేలమీద పడుతుంది. కనిపించని సన్నపొడి గాలిలో నిలుస్తుంది. దానికి మూతికి కట్టిన రుమాలు అడ్డం కాదు. ఎన్-95 వంటి మాస్కు కావలెను. యంత్రపు పొడిగొట్టానికి పీల్చే పరికరం కలపవలెను. చాలా ఊళ్లలో కార్ఖానా అంటే ఇంటి వసారాయే. పక్క గదిలో పసిపిల్లలు నిద్రిస్తారు. యంత్రాన్ని ఇంటి తలుపులకు, కిటికీలకు దూరంగా, గాలి వెలుపలికి పోయే దిశలో నిలపడం కొనుగోలులో భాగమే అనుకొనవలెను. అదే యంత్రంమీద ఇనుమును రుద్దరాదు. నిప్పురవ్వ పొడిసంచిలో పడితే గంటల తరువాత కూడా అంటుకొనగలదు. బీడీకి కూడా అక్కడ చోటు లేదు.

యంత్రం పెద్ద చదువులవారి సొత్తు అన్న భ్రమ మనలో కొంత ఉన్నది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, చీర నేతకు ముందు ఆసుపోయడానికి రోజుకు వేలసార్లు చేయి ఆడించే తల్లి బాధను చూసి, విడిభాగాలు ఒక్కొక్కటిగా కూర్చుకొంటూ 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆయన మొదట ఇంజనీరింగు చదివినవారు కారు. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకొని మొదలుపెట్టినవారు.

పాత యంత్రాన్ని కొన్నవారు కూడా అంతపాటి జ్ఞానాన్ని కూడబెట్టుకొనవచ్చును. ఒక చిన్న నోటుపుస్తకం చాలును. బేరింగు సంఖ్య, బెల్టు సంఖ్య, కెపాసిటరు కొలత, డోలు వ్యాసం అందులో వ్రాసిపెట్టవలెను. ఏ భాగాన్ని ఏ తేదీన మార్చినారో కింద గుర్తించవలెను. రెండేళ్లు గడిచేసరికి ఏ భాగం ఎన్ని నెలలు ఓర్చునో ఆ పుస్తకమే చెబుతుంది. అప్పుడు మరమ్మతు ఆపదగా రాదు, పండుగ ముందు ఇంటికి సున్నం వేసినట్లు తన వంతున వస్తుంది. తండ్రి వ్రాసిన ఆ పుస్తకాన్ని చదివిన కొడుకుకో, కూతురికో ఆ యంత్రం అంతుపట్టని ఇనుపముద్దగా కాక, పేరుపేరునా తెలిసిన పనిముట్టుగా అందుతుంది.