ఇద్దరు పిల్లలు, ఒక జరిమానా



ఇప్పుడు చదివిన జమాఖర్చుల్లో 'గైర్హాజరు జరిమానా వాపసు' అని ఒక పద్దు విన్నారు కదా. చిన్న మొత్తమే. దాని సంగతి చెప్పమని మా గ్రామ సంఘానికి అప్పజెప్పారు.

మా ఊళ్లో ఇద్దరు సభ్యులకు ఆటిజం ఉన్న పిల్లలున్నారు. ఒకామె పాపకు తొమ్మిదేళ్లు, మాట లేదు. అన్నం తల్లే తినిపించాలి. ఆమె మీటింగుకు రాకపోయినా మేం ఏమీ అనలేదు. రెండో ఆమె కొడుకు గలగలా మాట్లాడతాడు, ఏ బస్సు ఎప్పుడొస్తుందో తడుముకోకుండా చెబుతాడు. "వాడికేం, బంగారంలా ఉన్నాడు" అని ఆమెకు మూడుసార్లు జరిమానా రాశాం.

నాలుగోసారి వాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. పక్కన గుళ్లో మైకు కీచుమంది. అంతే, వాడు చెవులు మూసుకొని తల గోడకేసి కొట్టుకున్నాడు. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి వాచింది. మేం చూస్తూ కూర్చున్నాం.

తర్వాత భవిత కేంద్రం టీచరమ్మను పిలిచి అడిగాం. మాట, చదువు, స్నానం, చప్పుడు ఓర్చుకోవడం, ఇవన్నీ ఒకే బిడ్డలో ఒకే మెట్టు మీద ఉండవట. లెక్కల్లో ముందున్నవాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాకపోవచ్చు. మాట లేని పాపకు మనం అనేదంతా అర్థమవుతూ ఉండొచ్చు. ఆ పాప ఎదుటే మేం ఎన్నెన్ని అనుకున్నామో!

2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు అందుతాయి. సదరం క్యాంపుకు వెళ్లినప్పుడు పరువు కోసం "అన్నీ వాడే చేసుకుంటాడండీ" అనకండి. డాక్టరు ముందు కాసేపు బుద్ధిగా కూర్చున్న పిల్లాడు ఇంట్లో రాత్రంతా నిద్రపోకపోవచ్చు. అది మీరు చెబితేనే తెలుస్తుంది.

జరిమానా వెనక్కిచ్చేశాం. మీటింగు రోజు వాడి దగ్గర ఇద్దరు సభ్యులు వంతులవారీగా కూర్చుంటున్నారు.

పాప తల్లి విషయంలో చేసిన తప్పు ఇంకా పెద్దది. "నువ్వు రాకపోయినా ఫర్వాలేదులే" అన్నాం, జాలితోనే అన్నాం. అప్పుల జాబితా రాసేటప్పుడు ఆమె ఎదురుగా లేదు, రెండేళ్లుగా ఆమె పేరే రాయలేదు. మొన్న వెళ్లి అడిగితే, "కుట్టుమిషను కావాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అంది. ఈ నెల తీర్మానంలో ఆమె పేరు మొదట రాశాం. ఆమె మీటింగుకు వస్తే పాప దగ్గర ఎవరుండాలో, ఆ వంతుల పుస్తకం అదిగో, బల్ల మీదుంది.