పల్లి పట్టీలు వాపస్ తెచ్చిన రోజు
(బోథ్ మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

మా సంఘం లాభం గురించి మాట్లాడమన్నారు. లాభం లెక్క రిపోర్టులో ఉన్నది, చూసుకోండి. మేము పోయిన వానకాలంల చేసిన తప్పు చెప్తం.

మేము చేసేది పల్లి పట్టీలు. కొనేది ఎక్కువగా హాస్టల్ల ఉండి ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలు. వాళ్ల కోసమే కవరు మీద "బలానికి బలం" అని రంగుల అక్షరాలు వేయించినం. జూలైల పాత పల్లీలు అగ్గువకు దొరికితే తెచ్చినం. ముసురు వానలు. పట్టీలు పూర్తిగా ఆరకముందే పలుచని కవర్లల్ల సీల్ చేసినం. వారం తిరగకముందే ఒక బిడ్డ ఫోటో తీసి, "ముక్కిన వాసన" అని వాట్సాప్ స్టేటస్ పెట్టింది. పొద్దుగూకే వరకు ఆ ఫోటో మా ఇంటి పిల్లల ఫోన్లకే వచ్చింది.

మా నోట్లె నుంచి మొదలు వచ్చిన మాట ఏంది? "హాస్టల్ల తడి జాగల పెట్టి ఉంటరు." 2003ల మహారాష్ట్రల క్యాడ్‌బరీ చాక్లెట్లల్ల పురుగులు కనబడితే, అంత పెద్ద కంపెనీ కూడా మొదలు దుకాణాలల్ల సరిగ్గ దాచలేదనే అన్నది. ఆ మాట పని చెయ్యలేదు, అమ్మకాలు పడిపోయినయి. తర్వాత గట్టి కవరు తెచ్చింది, దుకాణాలకు ఎట్ల దాచాలో నేర్పింది. 2004ల అమితాబ్ బచ్చన్‌తో టీవీల చెప్పించింది. ఒక్క అమితాబ్‌తోనే పని కాకపోవు. కవరు నిజంగా మారింది. 2020ల ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము గ్లో అండ్ లవ్లీ అయింది కదా, దానికి మా బిడ్డలు "డబ్బా మీద మాటే మారింది" అని నవ్వుతరు. ఈ కాలం పిల్లలు గంత పట్టి చూస్తరు.

ఆ రాత్రి గ్రామ సంఘం ఆఫీసుల గొడవే అయింది. 140 ప్యాకెట్లు, పది రూపాయల చొప్పున 1,400. మిగిలిన బస్తా పల్లీలు, బెల్లం వేరే. స్త్రీనిధి కిస్తు కట్టేది ఆ వారమే. "చప్పుడు చెయ్యకుంటే మరిచిపోతరు, స్టేటస్ 24 గంటలల్ల పోతది" అని మాలోనే సగం మంది. పన్నెండు దాటినంక తీర్మానం పుస్తకంల రాసినం: వాపస్ తేవాలె.

తెల్లారి నలుగురం ఆటో ఎక్కినం. వార్డెన్ మేడంను అడిగి, పిల్లలు టిఫిన్ తినే కాడ నిలబడి చెప్పినం: పాత పల్లీలు వాడినం, తప్పు మాది, ప్యాకెట్ తెరిచినా సరే ఇచ్చి పైసలు తీసుకోండి. కాళ్లు వణికినయి. మొదటిసారి బ్యాంకు మేనేజర్ ముంగట నిలబడ్డప్పుడు గూడ అంత వణకలేదు. ఒక బిడ్డ లేచి, "ఆంటీ, మీరు తిన్నరా ఇవి?" అన్నది.

తినలేదు. పాకం పట్టిన చేతులతోనే ప్యాక్ చేసినం గని ఒక్కరం నోట్లె వేసుకోలేదు. అదే చెప్పినం. స్టేటస్ తీసెయ్యమని మాత్రం అడగలేదు.

అప్పుడు పిల్లలే చెప్పిన్రు: "బలానికి బలం ఎందుకు ఆంటీ, అండ్ల ఏమున్నదో, ఎప్పుడు చేసిన్రో పెద్దగ రాయండి." ఇప్పుడు అట్లనే రాస్తున్నం. కవరు మందం చేసినం. ప్రతి వాయిల ఒక ప్యాకెట్ మా దగ్గర దాచి, పదిహేను రోజులకు విప్పి మేమే తింటున్నం.

ముందు ఆ హాస్టల్ల వారానికి 140 పోయేవి, ఇప్పుడు 90 పోతున్నయి. ఆ నెల కిస్తు ఆలస్యమైంది. కొత్త కవరు నమూనా బయట బల్ల మీద ఉన్నది. దాంట్లె తప్పు కనబడితే భోజనాల లోపల చెప్పండి, ప్రింటింగ్‌కు రేపు ఇస్తున్నం.