కన్ను ఎర్రబడితే ప్రతిసారీ దుమ్ము కాదు



నేను డాక్టరును కాను. మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, రిటైరయ్యాక భిలాయి ఉక్కు కర్మాగారంలో కొన్నేళ్ళు పనిచేసి అక్కడే స్థిరపడ్డాను. ఈ రోజు నా తప్పు ఒకటి చెబుతాను.

2023 జూలైలో మా ఛత్తీస్‌గఢ్‌లో కళ్ళకలక విపరీతంగా వచ్చింది. నాకు ముందు గొంతునొప్పి, జ్వరం. మూడో రోజుకు కన్ను ఎర్రబడి, నీరు కారుతూ ఇసుక పోసినట్టు గరగర. చెవి ముందు బిళ్ళ కూడా కట్టింది. ఉక్కు ఊళ్ళో వాళ్ళం కదా, కన్ను ఎర్రబడితే దుమ్మో, వెల్డింగు వెలుగో అనేస్తాం. ఇంట్లో మిగిలిన చుక్కలమందు వేసుకున్నాను. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గింది, మహా సంతోషం! ఆ మర్నాడు మా ఆవిడ కంట్లో నలుసు పడిందంటే అదే సీసా ఆమెకూ వేశాను. వారం తిరిగేసరికి ఆమెకు నాకంటే ఎక్కువైంది.

సెక్టార్ 9 ఆసుపత్రి డాక్టరుగారు చూసి, గొంతుకూ కంటికీ వైరస్ ఒకటే, చాలావరకు అడినోవైరస్ అయ్యుంటుందన్నారు. ఎరుపు తగ్గినా వైరస్ పోదట. అదే హెర్పిస్ అయ్యుంటే స్టెరాయిడ్ వల్ల నల్లగుడ్డు పుండుపడి చూపే పోయేదట. మా ఆవిడకు నల్లగుడ్డు మీద సన్నటి మచ్చలు మిగిలాయి. నాలుగు నెలలు సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

1941-42లో పెర్ల్ హార్బర్‌లో, తర్వాత అమెరికా పడమటి తీరపు నౌకాశాలల్లో జరిగిందీ ఇదే. కంట్లో ఇనప నలుసు పడి డిస్పెన్సరీకి వెళ్ళినవాడు అక్కడి చేతులనుంచి, పరికరాలనుంచి కళ్ళకలక అంటించుకుని వచ్చేవాడు. దానికి 'షిప్‌యార్డ్ ఐ' అనే పేరే పడింది. బారక్సుల్లో రిక్రూట్లకు వచ్చే జ్వరాల్లోనూ ఈ జాతి వైరస్‌లే ఎక్కువ.

ఈ వైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాలి. తువ్వాలు, తలగడ, చుక్కల సీసా ఎవరివి వారివే. రెండు వారాల వరకూ అంటుతుంది. వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకైనా, నొప్పి ఎక్కువైనా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కోవిడ్‌లోనూ కొద్దిమందికి కళ్ళు ఎర్రబడ్డాయి. కానీ 2021లో కోవిడ్ తగ్గాక షుగరున్నవాళ్ళకు కన్ను వాచి, ఒకటి రెండుగా కనబడితే అది బ్లాక్ ఫంగస్ అయ్యేది. గంటలు కూడా ఆగకూడని జబ్బు అది.

ఆ సీసా పారేశాను. మా ఆవిడ మాత్రం ఈనాటికీ నా చేత్తో చుక్కలు వేయించుకోదు.