వైద్య పరిశోధనలో లెక్కల మనిషి
(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. ఇలాంటివాడు వైద్య పరిశోధన గురించి ఏం చెబుతాడని మీలో కొందరికి అనిపించవచ్చు. దరఖాస్తులు సరిచూసే పని ట్రస్టువారు నాకు అప్పగించారు. ‘ముందు ముందు ఏం కావాలనుకుంటున్నారు’ అనే గడిలో పిల్లలు రాసింది అప్పటినుంచి శ్రద్ధగా చదువుతున్నాను. డాక్టరు అని రాసినవాళ్లలో చాలామందికి సీటు రాదు. నేను శపించడం లేదు, ఎన్ని సీట్లున్నాయో తెలిసినవాడెవడైనా చెప్పే మాటే. సీటు రానివాళ్లు మరుసటేడు ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నారు. ఆ ఖాళీ గడి చూసే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

వైద్య పరిశోధన అనగానే మన సభల్లో యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వస్తుంది. రావలసిందే. అయితే ఆయన గురించి మీరు చాలాసార్లు విన్నారు కనుక వేరొకాయన గురించి చెబుతాను. పేరు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. ఇంగ్లండులో 1897లో పుట్టారు. డాక్టరు కావాలన్నది ఆయన కోరిక కూడాను. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళంలో చేరి, క్షయ అంటించుకుని తిరిగొచ్చారు. అప్పటికి క్షయకు మందు లేదు. ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసి, దానికి విశ్రాంతి ఇచ్చే పద్ధతి ఒకటుండేది. ఆయనకు అదే చేశారు. బతికి బయటపడ్డారు గానీ వైద్య కళాశాలకు వెళ్లే యోగం లేకపోయింది. మంచాన ఉండే పోస్టు ద్వారా పాఠాలు తెప్పించుకుని, లండన్ విశ్వవిద్యాలయం నుంచి 1922లో అర్థశాస్త్రంలో పట్టా పొందారు. అంటే ఇంచుమించు మన కామర్స్ శాఖ మనిషే అన్నమాట. ఆ చదువుతో వైద్యంలోకి గణాంకాల దారిన ప్రవేశించారు.

ఆయన అక్కడ చేసిన పనేమిటో తెలియాలంటే అంతకుముందు సంగతి కొంచెం చెప్పాలి. పెద్దవాళ్లకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు తెలిసే ఉంటుంది. ఇక్కడ మన రైలు మార్గంలో తాంబరం శానిటోరియం అని స్టేషనే ఉంది. క్షయ వస్తే శానిటోరియంలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పడుకోవాలి. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. కొందరికి ఆపరేషన్ చేసి పక్కటెముకలు కొన్ని తీసేసేవాళ్లు. లోపలి ఊపిరితిత్తి అణిగిపోయి పుండు మానుతుందని. బతికినవాళ్లకు ఒక భుజం వాలిపోయేది. సర్జన్లు నేర్పరులే, అందులో సందేహం లేదు. కానీ ఆపరేషన్‌కు తట్టుకోగల రోగినే ఎంచుకుంటారు కదా. అతను కోలుకున్నాడంటే ఆపరేషన్ వల్లనా, ముందే కాస్త గట్టి మనిషి కావడం వల్లనా? ఆ రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయాయి. విడదీసి చూడడానికి మార్గం లేదు.

హిల్ ఆ మార్గం చూపించారు. స్ట్రెప్టోమైసిన్ అమెరికాలో కొత్తగా వచ్చింది. యుద్ధం ముగిసిన బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు. (విదేశీ మారకద్రవ్యం లేకపోతే ఏమవుతుందో మా బ్యాంకువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.) దేశంలో అందరికీ సరిపడా మందు లేదు గనక, ఎవరికివ్వాలన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా ముందుగానే క్రమసంఖ్యలు వేసి, సీలు వేసిన కవర్లలో పెట్టారు. రోగి చేరాక కవరు విప్పితే గాని అతనికి మందు ఉందో, విశ్రాంతి మాత్రమేనో తెలియదు. మొత్తం 107 మంది రోగులు. 55 మందికి మందూ విశ్రాంతీ, 52 మందికి విశ్రాంతి మాత్రం. ఎక్స్‌రేలు చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఏది ఎవరిదో చెప్పలేదు. ఆరు నెలల్లో మందు తీసుకున్నవాళ్లలో నలుగురు, తీసుకోనివాళ్లలో 14 మంది చనిపోయారు. 1948లో ఈ ఫలితం అచ్చయింది.

బ్యాంకులో వోచరు రాసినవాడే దాన్ని పాస్ చేయకూడదు. రాసినవాడు దొంగ అని కాదు, తన రాతలో తప్పు తనకు కనపడదు గనక. సీలు వేసిన కవరు పని కూడా అదే. డాక్టరుకు తన చికిత్స మీద ప్రేమ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ ప్రేమ లెక్కలోకి రాకుండా కవరు అడ్డుకుంటుంది.

ఆ లెక్కలోనే ఇంకొకటి బయటపడింది. మందు పుచ్చుకున్నవాళ్లలో కొందరు మొదట తేరుకుని, మళ్లీ క్షీణించారు. వాళ్ల కఫంలోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూస్తే స్ట్రెప్టోమైసిన్‌కు లొంగడం లేదు. ఒక్క మందు ఇస్తే క్రిమి దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది. అందుకే రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. ప్రయోగశాలలో పనిచేసే పిల్లలు ఉంటే వినండి, క్షయ క్రిమి మహా నెమ్మది. కోడిగుడ్డు కలిపి తయారుచేసే పదార్థం మీద దాన్ని పెంచుతారు. మొలిచిందో లేదో తేల్చడానికి ఎనిమిది వారాల దాకా ఆగాలి. సీసా మీద అంటించిన నంబరు ఒక్కటి తారుమారైతే రెండు నెలల పని వృథా, రోగికి తప్పు మందు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1956లో మద్రాసు చెట్‌పెట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టాయి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ నడిపించారు. ఇప్పుడు దాన్ని జాతీయ క్షయ పరిశోధన సంస్థ అంటున్నారు. వాళ్ల ముందున్న ప్రశ్న పేదవాడి ప్రశ్న. దేశంలో రోగులు లక్షల్లో, శానిటోరియం పడకలు వేలల్లో. పడక దొరకనివాడికి ఇంట్లోనే మందులిస్తే నయమవుతుందా? ఇంట్లో పిల్లలకు అంటుకోదా?

నగరంలోని పేదపేటల నుంచి 193 మంది రోగులను తీసుకుని, చీటీ ప్రకారం కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంట్లో ఉంచి, ఏడాది పాటు ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, ఇరుకు గది, పని తప్పదు. శానిటోరియంలో ఉన్నవాళ్లు బాగా తిన్నారు, బరువు ఎక్కువ పెరిగారు. ఏడాది తర్వాత కఫం పరీక్షించి చూస్తే రెండు వైపులా ఫలితం దాదాపు ఒకటే! ఇంట్లోవాళ్లను ఐదేళ్లు గమనించారు. రోగి ఇంట్లో ఉండి మందు తిన్నందువల్ల వాళ్లకు జబ్బు ఎక్కువగా సోకలేదు. 1959లో ఏడాది ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతటా శానిటోరియాలకు కాలం చెల్లడం మొదలైంది.

ఈ పనిలో డాక్టర్లు ఎంతమందో, ఇతరులు అంతకు మించి. ఇంటింటికీ వెళ్లిన నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, చెప్పకుండా వెళ్లి డబ్బాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టినవాళ్లు, మందు నిజంగా మింగారో లేదో మూత్రం పరీక్షించి తేల్చిన టెక్నీషియన్లు, ఆ అంకెలన్నీ కార్డులకెక్కించిన గుమాస్తాలు. మాత్రలు లెక్కపెట్టిన ఆ మనిషి లేకపోతే ఈ ఫలితాన్ని ఎవరూ నమ్మేవారు కాదు.

శస్త్రచికిత్స సంగతి కూడా ఇలాగే తేలింది. వెన్నెముకకు క్షయ వస్తే ఎముక కరిగి గూని వస్తుంది, కాళ్లు పడిపోవచ్చు. నెలల తరబడి పడక, ప్లాస్టర్ కట్టు, లేదా పెద్ద ఆపరేషన్. కొరియాలో చీటీ పద్ధతిలో చూస్తే, మందు వాడుతున్నవాడికి పడక వల్లగానీ ప్లాస్టర్ వల్లగానీ అదనపు లాభం కనపడలేదు. హాంకాంగ్‌లో సర్జన్లు పాడైన ఎముక తీసి కొత్త ఎముక అతికించినప్పుడు గూని తక్కువగా వచ్చింది. మద్రాసులో 1970లలో ఒక గుంపుకు ఆపరేషనూ ఆరు నెలల మందులూ, రెండో గుంపుకు ఆరు నెలల మందులు, మూడో గుంపుకు తొమ్మిది నెలల మందులు ఇచ్చారు. పదేళ్ల తర్వాత పిలిచి చూస్తే మూడు గుంపుల్లోనూ పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గకుండా బాగున్నారు. నడవలేని స్థితిలో ఉన్నవాళ్లను అందులో చేర్చలేదని గమనించండి. అలాంటివాళ్లకు సర్జన్ అవసరం ఇప్పటికీ ఉంది. ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు అన్నది తేలింది. పదేళ్లు రోగుల చిరునామాలు పోగొట్టుకోకుండా కాపాడిన వాళ్ల ఓపికకు నా నమస్కారం. మూడేళ్లకే ఖాతాదారు చిరునామా మారి మా ఉత్తరాలు తిరిగొచ్చేవి.

తల్లిదండ్రులకు ఒక మాట. బి.ఎస్సీ. గణాంకశాస్త్రంలో సీటొచ్చిన అమ్మాయిని ‘దాంతో ఏం ఉద్యోగం వస్తుంది’ అని మాన్పించిన ఇల్లు నాకు తెలుసు. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ అంటే రక్తం తీసే పనేగా అన్నవాళ్లూ తెలుసు. ప్లస్ టూలో గణితం ఉన్న పిల్లలకు ప్రెసిడెన్సీలో, లయోలాలో గణాంకశాస్త్రం ఉంది. ఆ పైన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో వైద్య గణాంకాల్లో ఎం.ఎస్సీ. చేయవచ్చు. కొత్త మందు, కొత్త టీకా, కొత్త ఆపరేషన్ ఏది పరీక్షించాలన్నా ఈ చదువులవాళ్లు కావాలి. ఈ కోర్సులకూ స్కాలర్‌షిప్ ఇవ్వాలని నేను కమిటీలో అడిగాను, ఇంకా అడుగుతాను.

చివరిగా, ఇది స్కాలర్‌షిప్పు విషయం కాదు. ప్రపంచంలో క్షయ రోగుల్లో నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. పెళ్లి సంబంధాలు తప్పుతాయని ఇంట్లో దాచిపెట్టడం, రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందు మానేయడం మన కుటుంబాల్లోనూ ఉంది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. డాక్టరు చెప్పినన్ని నెలలూ వాడాలి.

ఫారాలు వెనక బల్ల దగ్గర ఉన్నాయి. ఆ గడి ఖాళీగా వదలకుండా నింపి ఇవ్వండి. ఏం రాయాలో తోచని పిల్లలు భోజనాలయ్యాక నా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.